ఆరడుగుల నీళ్ల పెట్టె

ఆ అద్దాల తొట్టి కట్టింది నేనే. ఎవరైనా వచ్చి మట్టం పెట్టి చూసుకోవచ్చు, ఈ కొసకూ ఆ కొసకూ నూలుపోగంత తేడా కనబడదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఇరవై రెండేళ్లుగా తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నవాణ్ని, ఏ బండ ఎంత బరువు మోస్తుందో చూపుతోనే చెప్పగలను. మనుషుల విషయంలో మాత్రం నా తెలివి అంతంతమాత్రం. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది.

నా భార్య స్నేహలత వికారాబాద్‌లో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. మాదేమో చేపా మాంసం గడప తొక్కని ఇల్లు. మా అమ్మ నాగమ్మ మెడలో లింగం, నుదుట విభూతి. చేపలమ్మే చోటు నుంచి పోవాల్సి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటేస్తుంది. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి, చేపల గురించి పాఠాలు చెప్పుకుంటూ ఇన్నేళ్లు ఎట్లా నెగ్గుకొచ్చావని నేను ఆమెను ఎన్నడూ అడగలేదు. నెగ్గుకొస్తోంది కదా అనుకున్నాను.

పెద్దేముల్ దాటాక ఒక వాగు ఉంది. ఆ వాగులో నడి ఎండాకాలంలో కూడా ఎండని మడుగు ఒకటుంది. పదకొండేళ్ల కింద కాలేజీ పిల్లలను తీసుకుపోయినప్పుడు స్నేహ ఆ మడుగులో ఒక చేపను చూసింది. వేలెడు పొడవు, వెండి రంగు, తోక దగ్గర నల్ల చుక్క. వానలు దగ్గర పడితే ఒంటి పక్కన సన్నటి ఎర్ర గీత వస్తుంది. అక్కడివాళ్లు ఎర్రపరక అంటారు. చుట్టుపక్కల ఎన్ని వాగులు గాలించినా ఆ పరక ఇంకెక్కడా దొరకలేదట. అప్పటినుంచి ఏటా జనవరిలో పోయి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకునేది. మొదటి ఏడాది ఐదువందల పైచిలుకు. ఈ ఏడాది డెబ్భై.

"మీ ఇంట్ల నాది అని చెప్పుకునేది గీ లెక్క ఒక్కటే," అని ఒకసారి నవ్వుతూ అంది. నేను కూడా నవ్వి ఊరుకున్నాను.

ఎందుకు తగ్గాయో చెప్పాలంటే నా సంగతి చెప్పుకోవాలి. బండకు పాలిష్ పట్టేటప్పుడు రాతిపిండి నీళ్లలో కలిసి తెల్లటి బురద వస్తుంది. మా యూనిట్ నుంచి వారానికి రెండు ట్యాంకర్ల బురద. తీసుకుపోవడానికి ఒక ట్యాంకర్ కుదుర్చుకున్నాను. అది ఎక్కడ పోస్తున్నావని డ్రైవర్‌ను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. చెప్తే నేను ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది. అందుకని అడగలేదు.

మార్చిలో ఒక సాయంత్రం స్నేహ ఆ మడుగు చూసి వచ్చింది. చెప్పులు విప్పకుండానే హాల్లో కుర్చీలో కూలబడింది. మోకాళ్ల దాకా తెల్ల బురద ఎండి పెచ్చులు కట్టింది.

"సగం మడుగు పూడిపోయింది," అంది. "ఎవరో ట్యాంకర్‌తోని తెచ్చి పోస్తున్నరు. ఇంకో నాలుగు ట్యాంకర్లు పడితే ఇంక మడుగే ఉండది."

ఆ పెచ్చుల రంగు నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు నా ప్యాంట్లకు అంటుకున్న రంగు అది. మర్నాడు పొద్దున్నే డ్రైవర్‌ను పిలిచి మొదటిసారి అడిగాను. పెద్దేముల్ దాటాక వాగులో పోస్తున్నానన్నాడు. వేరేవాళ్లు కూడా పోస్తారా అంటే, "ఆ మడుగు కాడికి మన బండి ఒక్కటే పోతది సేటూ," అన్నాడు. ఆ రోజే ట్యాంకర్ ఆపించి, యూనిట్ వెనక పెద్ద గుంత తవ్వించాను. నా బురద నా జాగాలోనే పడేటట్టు చేశాను.

ఆ సంగతి స్నేహకు చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చెప్పలేకపోయాను. ఆపించానని చెప్పాలంటే ఇన్నాళ్లూ పోయించింది నేనేనని కూడా చెప్పాలి. ఆమె పదకొండేళ్ల లెక్కను పూడ్చింది నా బండేనని చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇవాళ కాకపోతే రేపు చెప్దాంలే అనుకున్నాను.

ఆ రాత్రి అన్నం ముందు ఆమే అంది. "వానలు పడి వాగు మంచిగ పారేదాక వాటిని ఎక్కడన్న దాచాలె. మన హాల్ల పెద్ద అక్వేరియం పెడదామా?"

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నోటితో చెప్పలేనిది చేత్తో చేసి చూపించొచ్చు. తొట్టి కట్టి ఇస్తే నా తప్పు మాఫీ అవుతుందనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కడుపు మండుతుంది.

పన్నెండు ఎం.ఎం. అద్దం హైదరాబాద్ నుంచి తెప్పించాను. హాల్లో నాపరాతి దిమ్మెలు రెండు కట్టి, వాటి మీద మందపాటి బండ పరిచి, మట్టం చూసి, బండకూ అద్దానికీ మధ్య థర్మాకోల్ షీట్ వేశాను. అద్దాల అతుకులకు సిలికాన్ పెట్టి వారం ఆరనిచ్చాను. మొదటిసారి నీళ్లు నింపితే ఒక మూల చెమర్చింది. మొత్తం తోడేసి, ఆ అతుకు గీకి, మళ్లీ పెట్టాను. వాగులో లాగా నీళ్లు పారాలని ఒక కొసన మోటార్ బిగించాను. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్‌కు కలిపాను. చేపలు ఎగిరి బయట పడకుండా పైన జాలీ మూత చేయించాను.

లోపల పేర్చడానికి నాపరాళ్లు తెస్తూ, సున్నపు రాయి కదా, చేపలకు పడుతుందా అని సందేహం అడిగాను. చూడండి, రాళ్ల విషయమైతే అడగడం నాకు వస్తుంది.

"అవి పుట్టిందే గా సున్నపు నీళ్లల్ల. వాటికి గదే కావాలె," అంది స్నేహ.

వాగు నుంచి గులకరాళ్లు, ఇసుక గోనెసంచుల్లో తడి ఆరకుండా తెచ్చింది. మా అమ్మ వాటిని శుభ్రంగా కడగబోతే ఆపింది. "వద్దత్తమ్మా, గా జిడ్డుల సూక్ష్మజీవులు ఉంటయి. అవే నీళ్లను మంచిగ ఉంచుతయి." నీళ్లల్లో ఆ జీవం కుదురుకోవడానికి నెల రోజులు పట్టింది. రోజూ పరీక్షగొట్టంలో నీళ్లు తీసి, రెండు చుక్కల మందు వేసి, రంగు చూసేది. ఆకుపచ్చ వస్తే పెదవి విరిచేది. ఒకరోజు లేత పసుపు వచ్చింది, అంటే నీళ్లలో చేపలకు పడని విషం పోయినట్టు. గొట్టం పట్టుకుని వంటింట్లోకి వచ్చి నాకూ అమ్మకూ చూపించింది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆమెను అంత సంతోషంగా చూసింది బహుశా అదే.

ఏప్రిల్ ఆఖరున చేపలు పట్టడానికి పోయాం. పెద్దేముల్‌లో ఆటో నడిపే బాల్‌రాజ్‌ను తోడు పిలిచింది. వల వేయడంలో నేర్పరి. మడుగు మార్చిలో ఎంత ఉందో అంతే ఉంది. కొత్తగా బురద పడలేదు.

"ఇంక పూడలేదు, నయమే," అంది స్నేహ. "కని ఏ రోజన్న రావొచ్చు ఆ ట్యాంకర్."

నేను ఖాళీ బకెట్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. రాదు అని చెప్పాల్సింది అప్పుడే. ఒక్క మాట.

బాల్‌రాజ్ ఇరవై దాకా పట్టాక వల ఆపాడు. "మేడం, సగం ఇడిసిపెడదాం. నీళ్లున్నకాడ అవే బతుకుతయి."

స్నేహ మడుగు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "మీరేమంటరు?"

"నీ ఇష్టం," అన్నాను.

ఆమె మళ్లీ మడుగు వైపు చూసి, అన్నీ పట్టమంది. సాయంత్రం దాకా వల లాగితే మొత్తం నలభై ఒకటి దొరికాయి. ఇంకేమీ మిగల్లేదని బాల్‌రాజ్ రెండుసార్లు చెప్పాడు.

మే నెలంతా మా ఇల్లు ఇల్లులాగా ఉంది. ఒక్క చేప చావలేదు. నీళ్లు పారే కొసన గుంపుగా ఎదురీదుతూ ఉండేవి. మా అమ్మ మొదట మూతి ముడుచుకుంది గానీ తర్వాత కుర్చీ వేసుకుని వాటి ముందే కూర్చునేది. ఆ తొట్టిని ‘నీళ్ల పెట్టె’ అనేది. పూజ అయ్యాక నాలుగు మరమరాలు చల్లి, "తినుండ్రి నాయనా," అనేది. స్నేహ వద్దనకుండా, నాలుగంటే నాలుగే అని లెక్క పెట్టి ఇచ్చేది. మే ఆఖరుకు మగవాటి పక్కన ఎర్ర గీత లేచింది. మొదటి వాన పడగానే గుడ్లు పెడతాయంది. జూలైలో వాగు పారాక పిల్లలతో సహా తీసుకుపోయి వదలొచ్చంది. నాలుగువందలు కావచ్చు, ఐదువందలు కూడా కావచ్చు అని ఏవో లెక్కలు వేసుకుంది. ఆ రోజుల్లో కూడా చెప్పొచ్చు. సంతోషంగా ఉంది కదా, ఎందుకు పాడుచేయడం అనుకున్నాను.

జూన్ ఎనిమిది మిరుగు. మృగశిర కార్తె మొదలయ్యే రోజు చేప తింటే ఏడాదంతా దగ్గూ ఆయాసమూ రావని మా దిక్కు నమ్మకం. ఆ రోజు మా బోటివాళ్ల ఇళ్లు తప్ప చేప వండని ఇల్లు ఉండదు. రోడ్ల పక్కనంతా టబ్బులు, కత్తిపీటలు, జనం. స్నేహ ఆ ముందురోజే పరీక్ష పేపర్లు దిద్దడానికి హైదరాబాద్ పోయింది, మూడు రోజుల పని. నేను యూనిట్లో ఉన్నాను. మిషన్లు నడుస్తున్నాయి, ఒక చెవి మూసుకుంటే గానీ ఫోన్ వినబడదు. పదకొండింటికి అమ్మ ఫోన్ చేసింది.

"శంకరా, మన నీళ్ల పెట్టెల ఇంకొన్ని పట్టుతయా?"

"పట్టుతయమ్మా. గంత పెద్దగ కట్టిన కదా, ఏం ఫికర్ లేదు," అని పెట్టేశాను. ఏం పట్టుతాయని అడగలేదు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. గుడి నుంచి వస్తుంటే రోడ్డు పక్కన టబ్బులో ఆరు కొర్రమట్టలు, కొరమీనంటారే అవి, బతికే ఉన్నాయట. పక్కనే కత్తిపీట పెట్టుకుని అమ్మేవాడు ఒకదాని తల మీద చెయ్యి వేశాడట. "నా దిక్కే చూసింది బిడ్డా. నాకు కాళ్లు కదలలేదు," అంది. ఉన్న ఆరింటినీ కొనేసింది. చేత్తో ముట్టలేదు, అమ్మేవాడి చేతనే ఆటోలో తెప్పించి తొట్టిలో పోయించింది. ఊరంతా చంపుకుతినే రోజున ఆరు ప్రాణాలు కాపాడింది మా అమ్మ. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ఆ ఉదయం నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆ పుణ్యం చేసుకుంది.

తొట్టిలోకి చూశాను. మూరెడేసి నల్లటి చేపలు అడుగున కదలకుండా ఉన్నాయి. పరకలన్నీ పైన ఒక మూల ముద్దగా చేరాయి. కొత్తవాటిని చూసి బెదిరాయి, రెండు రోజుల్లో అలవాటైతాయి అనుకున్నాను. ఏ చేప ఏం తింటుందో మా ఇంట్లో ఎవరికి తెలుసు? తినే ఇంట్లో అయితే చిన్నపిల్లను అడిగినా చెప్పేది. స్నేహకు ఫోన్ చేద్దామా అనిపించింది. పేపర్ల మధ్య ఉంటుందిలే అని మానుకున్నాను. జాలీ మూత సరిగా పడలేదని కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున పరకలు తక్కువగా కనబడ్డాయి. రాళ్ల సందుల్లో దాక్కున్నాయనుకున్నాను. ఆ సందులు కూడా నేనే పేర్చాను కదా, ఎన్ని పడతాయో నాకు తెలుసు. ఆ మర్నాటికి ఒక్కటీ పైకి రాలేదు.

సాయంత్రం రైలుకు స్నేహ దిగింది. స్టేషన్ నుంచి బండి మీద తీసుకొస్తూ ఏదో కబురు చెప్పినట్టు చెప్పాను. అమ్మ ఆరు చేపలను కాపాడి మన దాంట్లో వేయించింది అని.

"ఏం చేపలు?"

"కొర్రమట్టలంట."

నా భుజం మీద ఉన్న చెయ్యి తీసేసింది. "జల్ది పోనియ్యుండ్రి," అంది.

వచ్చీరాగానే చీర కుచ్చిళ్లు దోపుకుని తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టింది. నేను బకెట్లతో నీళ్లు తోడాను. ఒక్కో రాయి తీసి చూసి నాకిచ్చింది. రాయి కింద రాయి, చివరికి ఇసుక. దిమ్మెల వెనక నేల మీద మూడు పరకలు ఎండి అట్టకట్టి దొరికాయి. మోటార్ పైపు వెనక ఒకటి బతికి ఉంది, తోక సగం లేదు. మిగతా ముప్పై ఏడు లేవు. ఆరు కొర్రమట్టలు మాత్రం నీళ్లు తగ్గిన తొట్టిలో పొట్టలు ఆనించి నింపాదిగా ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

అమ్మ పూజగది గడప దగ్గర నిలబడింది. "చిన్నయి ఏవి బిడ్డా?"

స్నేహ చేతులు తుడుచుకుంది. "వేరే కాడ పెట్టిన అత్తమ్మా. వీటికి జాగ సరిపోతలేదు."

అమ్మ తల ఊపి లోపలికి పోయింది. పెద్దావిడ చేసిన పుణ్యం ఏమిటో ఆమెకు చెప్పే హక్కు మాకెవరికీ లేదని అప్పుడే ఇద్దరం అనుకున్నాం, పైకి అనకుండానే.

వంటింట్లో చెప్పాను. "అమ్మ నాకు ఫోన్ చేసింది. పట్టుతయా అంటే పట్టుతయన్న."

"ఏమి పట్టుతయని అడిగిన్రా?"

"లేదు."

"మీరు అడగరు," అంది. కోపంగా అంటే బాగుండేది. చాలా మామూలుగా అంది.

మిగిలిన ఒక్క పరకను బకెట్లో వేసి చిన్న గాలి మోటార్ పెట్టింది. మూడో రోజుకు దాని పక్కన ఎర్ర గీత మళ్లీ లేచింది. బయట మబ్బులు పట్టాయి. ఆ చేప బకెట్ చుట్టూ తిరుగుతూ తోడు వెతుక్కుంది. స్నేహ దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది, కాలేజీకి పోలేదు. నాలుగో రోజు అది పోయింది. ఐదో రోజు వాన మొదలైంది.

వారం పాటు కురిసిన వానకు అనంతగిరి నుంచి ఇటు వాగులన్నీ పొంగి పారాయి. వరద తగ్గాక అమ్మే అంది, ఆ పెద్దవాటిని వాగులో వదిలేయండి, పెట్టెలో ఎన్నాళ్లు, పాపం అని. స్నేహ సరేనంది. ఆరింటినీ డ్రమ్ములో వేసుకుని బాల్‌రాజ్ ఆటోలో పోయాం. వాటిని తనకిచ్చేయమని బాల్‌రాజ్ దారిలో రెండుసార్లు అడిగాడు. "అత్తమ్మకు మాటిచ్చిన," అంది స్నేహ.

మడుగును చూసి నేను గుర్తుపట్టలేదు. వరద ఆ తెల్ల బురదనంతా ఊడ్చుకుపోయింది. అడుగున ఇసుక కనబడుతోంది. గులకరాళ్ల మీది నుంచి నీళ్లు సన్నగా పారుతున్నాయి. పదకొండేళ్ల కింద ఇట్లనే ఉండేది అంది ఆమె. ముందు వల వేయించింది. ఒక్కటన్నా తప్పించుకుని ఉంటుందేమోనని బాల్‌రాజ్ చేత ఏడుసార్లు లాగించింది. ఏడుసార్లూ ఆకులే వచ్చాయి.

అప్పుడు డ్రమ్ము వంచి కొర్రమట్టలను వదిలింది. ఒక్కొక్కటే లోతులోకి పోయాయి.

"ఇవి ఇక్కడ ఏం తింటయి?" అన్నాను.

"ఏం లేదు. ఒకదాన్నొకటి తింటయి."

బాల్‌రాజ్ వల పిండుతూ మాట కలిపాడు. "ఎండాకాలమంత నేను గీ తొవ్వలనే తిరిగిన మేడం. మార్చి తర్వాత గా ట్యాంకర్ మళ్ల రానేలేదు. ఎవలు ఆపిన్రో గని."

స్నేహ లేచి నిలబడింది. "రాలేదా?"

"ఒక్కనాడు గూడ రాలే."

ఇక నేను ఆగలేకపోయాను. ఆమెను చూడకుండా చెప్పాను.

"అది నా ట్యాంకరే స్నేహా. నేనే ఆపించిన."

"ఎప్పుడు?"

"నువ్వు కాళ్లకు బురదతోని ఇంటికొచ్చినవు చూడు, మర్నాడు పొద్దున్నే."

బాల్‌రాజ్ వల భుజాన వేసుకుని, మా ఇద్దరినీ చూసి, ఆటో దగ్గరికి పోయాడు. స్నేహ చేతివేళ్లు మడుస్తూ ఏదో లెక్క వేసింది. ఒకసారి వేసి, నమ్మకం కుదరనట్టు మళ్లీ వేసింది.

"మనం పరకలను పట్టుకపోయింది ట్యాంకర్ ఆగిన ఆరు వారాలకు," అంది.